అసలు పని నీటి అడుగున

ఇంటి స్విమ్మింగ్ పూల్ లోపలి పూత పాడైందనగానే చాలామంది ముందు రంగుల క్యాటలాగ్ తెరుస్తారు. ఏ రంగు పూతనైనా నిలబెట్టేది దాని కింద జరిగే చెక్కుడు పని, దాని మీద నిలిచే నీటి గుణం. మళ్లీ పూత వేయించాలనుకునే కుటుంబాలు పైసా ఖర్చు పెట్టకముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఈత కొట్టి పైకొచ్చిన పిల్లల అరికాళ్లు గీసుకుపోయి ఉంటాయి. మోకాళ్ల మీద ఎర్రటి చారలుంటాయి. పూల్ గోడ మీద అరచేయి రాస్తే తెల్లటి సుద్ద అంటుకుంటుంది. ఎంత క్లోరిన్ వేసినా, ఎంత తోమినా వారం తిరిగేసరికి అదే మూలలో పాచి పడుతుంది. టైల్స్ పూల్ అయితే రెండు మూడు బిళ్లలు ఊడి అడుగున పడి ఉంటాయి. ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి. లోపలి పూతకు కాలం చెల్లింది.

హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో, కోకాపేట, తెల్లాపూర్ విల్లాలలో పదేళ్ల కిందట ముచ్చటపడి కట్టించుకున్న పూల్‌లు ఇప్పుడు మొదటి పెద్ద మరమ్మతు వయసుకు వచ్చాయి. అమెరికాలో డాలస్ శివార్లలోనో, ఫీనిక్స్‌లోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి పెరట్లో పూల్ కూడా కలిసి వస్తుంది. దాంతోపాటే అరిగిపోయిన ప్లాస్టర్ కూడా. అక్కడ ఎక్కువగా ప్లాస్టర్, ఇక్కడ ఎక్కువగా టైల్స్. పద్ధతి వేరైనా పాడయ్యే తీరు, బాగుచేసే సూత్రం ఒక్కటే.

తొట్టి వేరు, పూత వేరు

పూల్‌లో రెండు భాగాలున్నాయి. ఇనుప చువ్వలతో కట్టిన కాంక్రీటు తొట్టి మొదటిది. నేల ఒత్తిడిని, నీటి బరువును మోసేది అదే. సరిగ్గా కడితే దశాబ్దాలు ఉంటుంది. దాని మీద వేసే పలచని పూత రెండోది. నీరు తొట్టిలోకి ఇంకకుండా చూసేది, మన ఒంటికి తగిలేది ఇదే. ఇది అరిగిపోవడానికే ఉంది. అరిగినప్పుడల్లా మార్చుకుంటే తొట్టి క్షేమంగా ఉంటుంది.

ఈ ఆలోచన చాలా పాతది. మొహెంజోదారో మహా స్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు ఉంటుంది. దాన్ని కట్టినవాళ్లు ఇటుకలను జిప్సం కలిపిన అడుసుతో సందు లేకుండా పేర్చి, వెనక సహజ తారుతో ఒక పొర వేశారు. బరువు మోసే గోడకు, నీటిని ఆపే పొరకు వేర్వేరు పనులప్పగించడం నాలుగు వేల ఏళ్ల కిందటే తెలిసిన విద్య.

అమెరికాలో ఇంటింటా పూల్ రావడానికి దారి వేసిన పరికరం చిత్రంగా ఒక మ్యూజియంలో పుట్టింది. చనిపోయిన ఏనుగులను బతికున్నట్టే నిలబెట్టడంలో పేరుపడ్డ కార్ల్ అకెలీ, షికాగో ఫీల్డ్ మ్యూజియం భవనం పెచ్చులూడుతుంటే సిమెంటును గాలి ఒత్తిడితో చిమ్మే తుపాకీ తయారుచేశారు. 1911లో దానికి పేటెంటు వచ్చింది. ఈనాడు గనైట్ అని పిలిచే పద్ధతి దాని సంతానమే. కావలసిన వంపులో గొయ్యి తవ్వి, చువ్వలు కట్టి, కాంక్రీటు చిమ్మి, దానిమీద తెల్ల సిమెంటు, చలువరాతి పొడి కలిపిన ప్లాస్టర్‌ను 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందాన పూస్తారు. చక్కగా చూసుకుంటే ఆ తెల్ల ప్లాస్టర్ ఏడు నుంచి పదేళ్లు నిలుస్తుంది. చూసుకోకపోతే అందులో సగం కాలానికే గరుకెక్కుతుంది.

నీరే పూతను తింటుంది

పూత పాడైందంటే మేస్త్రీని తిట్టడం మనకు అలవాటు. మేస్త్రీ తప్పు ఉండొచ్చు. ఎక్కువ సందర్భాలలో అసలు దోషి రోజూ మన కళ్లెదుట తళతళలాడే నీరే.

నీటికి సున్నం కావాలి. తన వేడికి, ఆమ్ల గుణానికి తగినంత కాల్షియం అందులో కరిగి ఉంటే తృప్తిగా ఉంటుంది. లేకపోతే ఎక్కడ దొరికితే అక్కడి నుంచి లాక్కుంటుంది. పూల్‌లో దానికి దొరికేది ప్లాస్టర్, టైల్స్ మధ్య సిమెంటు గ్రౌట్. అవసరానికి మించి ఉంటే గోడల మీద తెల్లటి పొలుసుగా దించేస్తుంది. నీరు ఏ వైపు మొగ్గుతోందో లెక్కగట్టే సూత్రాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విల్‌ఫ్రెడ్ లాంగ్లియర్ 1936లో ఇచ్చారు. ఊళ్లకు నీళ్లు మోసే గొట్టాల కోసం చేసిన ఆ లెక్క ఈనాడు పూల్ వైద్యానికి మూలసూత్రం. పీహెచ్, వేడి, క్షారత, కాల్షియం కాఠిన్యం, కరిగిన లవణాలు అనే ఐదింటిని కలిపి ఒక అంకె తీస్తారు. అది సున్నాకు దగ్గరగా ఉంటే పూత క్షేమం. మైనస్ 0.3 కంటే కిందికి జారితే నీరు పూతను కొరకడం మొదలుపెట్టిందని అర్థం.

కంటికి కనబడని ఈ నష్టాన్ని తూకంలో చూద్దాం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.35 మీటర్ల లోతున్న ఇంటి పూల్‌లో 43,200 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటి కాఠిన్యం పూతను కరిగించుకుని లీటరుకు 100 మిల్లీగ్రాములు పెరిగిందనుకుంటే, గోడల నుంచి, నేల నుంచి 4.3 కిలోల సున్నపురాయి పోయినట్టు. నీరు మాత్రం అద్దంలా స్వచ్ఛంగానే కనిపిస్తుంది.

వానాకాలంలో ఈ ఆకలి పెరుగుతుంది. వాన నీటిలో కాల్షియం దాదాపు ఉండదు. ఈ పూల్ మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 3,200 లీటర్ల మెత్తటి నీరు చేరినట్టే. చల్లటి నీటికి కూడా ఆకలి ఎక్కువ. డాలస్‌లో శీతాకాలం ఎవరూ ఈత కొట్టరు కాబట్టి నీటి పరీక్ష మానేస్తారు. ప్లాస్టర్ ఎక్కువగా అరిగేది ఆ నెలల్లోనే. హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లతో నింపేవారిది చాలాచోట్ల తిరగబడ్డ సమస్య. కాఠిన్యం మితిమీరి, నీటి అంచు వెంబడి తెల్లటి పొలుసు గడ్డకడుతుంది. అది వదలాలని యాసిడ్ గుమ్మరిస్తే పొలుసుతో పాటు గ్రౌట్ కూడా పోతుంది. క్లోరిన్ బిళ్లలను నేరుగా నేలమీదికి విసిరే అలవాటు మరొకటి. ఆ బిళ్ల బాగా ఆమ్లగుణం కలది. పడిన చోటే కరిగి పూతను పాలిపోయేలా చేసి తినేస్తుంది.

తట్టి చూస్తే తెలిసిపోతుంది

మొత్తం పూత మార్చాలా, అతుకు చాలా అన్నది తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అనుభవమున్న మేస్త్రీ ఒక ఇనుప చువ్వో, సుత్తి పిడో తీసుకుని అడుగడుగునా తడుతూ వెళతాడు. గట్టి చోట ‘టక్’మని పొట్టి శబ్దం వస్తుంది. పూత తొట్టిని వదిలేసిన చోట ‘డబ్’మని డొల్ల మోగుతుంది. డొల్ల ఉన్నంతమేరా సుద్దముక్కతో గీత గీస్తాడు. గీతలు అక్కడక్కడా ఉంటే అతుకు వేయొచ్చు. నేలంతా సుద్ద గీతలే అయితే పాతదంతా తీసేయాల్సిందే.

టైల్స్ పూల్‌లో ఈ డొల్లకు కారణం తరచుగా కట్టిననాటిదే. బిళ్ల వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. గ్రౌట్ అరగగానే నీరు ఆ ఖాళీలోకి చేరి బిళ్లను వెనక నుంచి తోస్తుంది. అందుకే బిళ్ల వెనక అంతటా అంటు నిండి ఉండాలని పట్టుబట్టాలి.

మరకలకు కూడా కథ ఉంది. ఆకుపచ్చ, నీలం కలిసిన మరక రాగిది. గోధుమ రంగు మరక ఇనుముది. విటమిన్ సి బిళ్లను మరక మీద కాసేపు అదిమి పట్టుకుంటే ఇనుము మరక తేలిపోతుంది. అలా పోయే మరక కోసం పూతంతా మార్చనక్కర్లేదు. ఒకేచోట తుప్పు రంగు పదేపదే ఊరుతుంటే మాత్రం లోపల చువ్వకే నీరు తగిలిందని అనుమానించాలి. అది పైపూతతో తీరే జబ్బు కాదు.

నీటిమట్టం తగ్గుతుంటే అది ఆవిరా, లీకా అన్నది బకెట్ తేలుస్తుంది. బకెట్‌లో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, లోపలి మట్టం, బయటి మట్టం సమానం చేసి గుర్తు పెట్టాలి. 24 గంటల తర్వాత రెండూ ఒకేలా తగ్గితే ఆవిరి. పూల్ మట్టం ఇంకా ఎక్కువ దిగితే లీకు. మనం చెప్పుకున్న పూల్‌లో ఒక మిల్లీమీటరు దిగితే 32 లీటర్లు పోయినట్టు. రోజుకు ఐదు మిల్లీమీటర్లు కారితే నెలకు దాదాపు ఒక 5,000 లీటర్ల ట్యాంకర్. కొత్త పూత వేయడానికి ముందే ఆ లీకు గొట్టంలో ఉందా, లైటు చుట్టూ ఉందా, పగుల్లో ఉందా అన్నది తేల్చాలి. లేకపోతే కొత్త పూత కింద పాత లీకు అలాగే ఉండిపోతుంది.

ఖాళీ చేయడమే పెద్ద గండం

మోటారు పెట్టి నీళ్లు తోడేస్తే సరిపోదా అనిపిస్తుంది. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం అదే. 43 వేల లీటర్లు తోడేశామంటే తొట్టి మీద నుంచి 43 టన్నుల బరువు దించేశామన్నమాట. చుట్టూ నేలలో నీరు నిండి ఉంటే, వరదలో ఖాళీ గాబు తేలినట్టు తొట్టి పైకి లేస్తుంది. ఒకసారి లేచి పగిలిన తొట్టిని ఏ పూతా కాపాడలేదు. అడుగు డ్రెయిన్ దగ్గర భూగర్భజల ఒత్తిడిని వదిలించే వాల్వు ఉందా, పనిచేస్తోందా అన్నది ముందే చూడాలి. నల్లరేగడి నేలల్లో, చెరువుల దగ్గర, వానలు వెలిసిన కొత్తలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

కాబట్టి తెలుగు రాష్ట్రాలలో ఈ పనికి అనువైన కాలం సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు. భూగర్భజలం కొంత దిగి ఉంటుంది. ఎండ మండదు కాబట్టి పూత గబగబా ఆరిపోయి నెర్రెలివ్వదు. పిల్లల వేసవి సెలవుల నాటికి పూల్ సిద్ధంగా ఉంటుంది. టెక్సస్‌లో అయితే గడ్డకట్టే చలిని, మండుటెండను తప్పించి వసంతమో, శరత్తో ఎంచుకుంటారు.

తోడిన నీటి సంగతి కూడా ఆలోచించాలి. క్లోరిన్ వేయడం ఆపి కొన్ని రోజులు ఎండకు వదిలేసి, పరీక్షలో క్లోరిన్ లేదని తేలాక ఆ నీటిని చెట్లకు, పచ్చికకు మళ్లించవచ్చు. ఉప్పు వేసి నడిపే పూల్ నీరు మొక్కలకు పనికిరాదు. చెరువులోకో, వాననీటి కాలువలోకో వదలడం తప్పు. చేపలకు కొద్దిపాటి క్లోరిన్ కూడా విషమే. వేసవిలో బిందె నీళ్ల కోసం ట్యాంకర్ దగ్గర జనం నిలబడే నగరంలో, తొమ్మిది ట్యాంకర్ల నీటిని మురుగులోకి వదలడానికి మనసొప్పకూడదు.

చెక్కుడులోనే ఆయుష్షు

పాత పూత మీదే కొత్తది వేస్తే సగం ఖర్చుతో అయిపోతుందని చెప్పేవారుంటారు. కింది పొర డొల్లగా ఉంటే పైపొర ఎంత మంచిదైనా దానితోపాటే ఊడిపోతుంది. పాత ప్లాస్టర్‌ను చిప్పింగ్ మిషన్లతో గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి. నీటి అంచున ఉండే టైల్స్ పట్టీ కింద, లైట్ల చుట్టూ, గొట్టాల మూతుల చుట్టూ కొంచెం లోతుగా చెక్కితే కొత్త పూత అంచుకు పూర్తి మందం దక్కుతుంది. పగుళ్లను ‘వి’ ఆకారంలో తెరిచి పాలిమర్ మోర్టార్‌తోనో, ఎపాక్సీతోనో నింపాలి. తర్వాత దుమ్ము లేకుండా కడిగి, పట్టు కోసం బాండ్ కోట్ వేయాలి.

టైల్స్ పూల్‌కు ఇక్కడ ఇంకో మెట్టు ఉంది. గోడ, నేల కలిసే మూలల్లో గుండ్రంగా సిమెంటు పట్టీ తీర్చి, వాటర్‌ప్రూఫ్ పూతను రెండు చేతులు వేయాలి. ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా. అది ఆరాక టైల్స్ అతికించకుండానే పూల్ నింపి వారం రోజులు మట్టం చూడాలి. పని ఆలస్యమవుతుందని ఈ పరీక్షను దాటేయడం మామూలు. లీకు ఈ దశలో బయటపడితే ఒక చోట అతుకు వేస్తే పోతుంది. టైల్స్ వేశాక బయటపడితే మళ్లీ మొదటికొస్తుంది.

చెక్కేవాళ్ల గురించి కూడా చెప్పాలి. గోతిలాంటి పూల్‌లో గాలి ఆడదు. కాంక్రీటు చెక్కినప్పుడు లేచే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం రక్షణ కానే కాదు. నీళ్లు చల్లుతూ చెక్కించాలి, సరైన మాస్కులు ఇవ్వాలి. యాసిడ్‌తో కడిగేటప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు ఉండాలి. యాసిడ్, క్లోరిన్ ఒకదానికొకటి తగిలితే విషవాయువు పుడుతుంది. కాంట్రాక్టర్ చూసుకుంటాడులే అని ఇంటివాళ్లు లోపల కూర్చోకూడదు. పని మన ఇంట్లో జరుగుతోంది.

ఏ పూత మేలు?

తెల్ల ప్లాస్టర్ అన్నిటికన్నా చవక, పాదానికి నున్నన. ఆయుష్షు తక్కువ. ప్లాస్టర్‌లో క్వార్ట్జ్ రవ్వ కలిపితే పదేళ్లు దాటి పదిహేను దాకా రావచ్చు. చిన్న గులకరాళ్లు కలిపే పెబుల్ పూత పదిహేను, ఇరవై ఏళ్లు నిలుస్తుంది. పసిపిల్లల పాదాలకు మాత్రం కాస్త గరుకు. గ్లాస్ మొజాయిక్ టైల్స్‌కు ఖర్చు ఎక్కువ. అతికించే పని, గ్రౌట్ బాగుంటే అన్నిటికన్నా దీర్ఘకాలం ఉంటాయి. టైల్స్ వేయిస్తే సిమెంటు గ్రౌట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ అడగండి. ఆకలిగొన్న నీరు దాన్ని కరిగించలేదు. పెయింటు మాత్రం తాత్కాలిక ఉపాయం. కొన్నేళ్లకే పొట్టు లేస్తుంది, తర్వాత ప్లాస్టర్ వేయాలంటే దాన్నంతా గీకి తీయాలి.

ప్లాస్టర్ పడే రోజు

తెల్లవారగానే పని మొదలవుతుంది. పైన మిక్సర్ ఆగకుండా తిరుగుతుంటుంది, గొట్టంలోంచి ప్లాస్టర్ జారుతుంటుంది, కింద నలుగురైదుగురు పొడవాటి తాపీలతో లాగుతుంటారు. తడి పూత మీద అడుగు గుర్తు పడకుండా వాళ్ల చెప్పుల కింద మేకులుంటాయి. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే అక్కడ అతుకు గీత శాశ్వతంగా కనబడుతుంది. తొందరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. సిమెంటు బరువులో రెండు శాతం దాటితే పూత మచ్చలు మచ్చలుగా బూడిదరంగుకు తిరుగుతుంది. గట్టిపడుతున్న పూత మీద నీళ్లు చిలకరిస్తూ నున్న చేయడం కూడా పైపొరను బలహీనం చేస్తుంది. ఆరోజు ఇంటి యజమాని చూడాల్సినవి ఈ రెండే. మిగతాది వాళ్ల చేతి చలువకు వదిలేయాలి.

మొదటి 28 రోజులు

తెల్ల ప్లాస్టర్ నీటిలోనే గట్టిపడుతుంది కాబట్టి, పూత కాస్త బిగియగానే నింపడం మొదలుపెడతారు. గొట్టం చివర గుడ్డ చుట్టి అన్నిటికన్నా లోతైన చోట పెట్టాలి. ధార నేరుగా తగిలితే గాటు పడుతుంది. పైన టైల్స్ పట్టీ మధ్యకు చేరేదాకా నీళ్లు ఆపకూడదు. రాత్రికి ట్యాంకర్ రాలేదని ఆపితే ఆ మట్టం దగ్గర పూల్ చుట్టూ గీత పడుతుంది, అది పోదు. అందుకే ట్యాంకర్లన్నీ ముందే మాట్లాడుకోవాలి. గ్లాస్ టైల్స్‌కు ఇది తిరగబడుతుంది. అంటు పూర్తిగా ఆరేదాకా తయారీదారు చెప్పినన్ని రోజులు ఆగి, ఆపైన నెమ్మదిగా నింపాలి.

కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరుతూనే ఉంటుంది. నీటి పీహెచ్ పైకి పరుగెడుతుంది, అడుగున తెల్లటి ధూళి పేరుతుంది. రోజుకు రెండుసార్లు మెత్తటి నైలాన్ బ్రష్‌తో గోడలు, నేల తోమాలి. ఫిల్టర్ ఆగకుండా నడవాలి. రోజూ నీరు పరీక్షించి, యాసిడ్‌ను నీటిలో పలచన చేసి కొద్దికొద్దిగా వేయాలి. ధూళి తగ్గి నీటి లెక్క కుదిరేదాకా ఎవరూ దిగకూడదు. చక్రాల క్లీనర్‌ను, ఉప్పును నెలరోజులపాటు దూరంగా ఉంచాలి. ఆ తర్వాత పీహెచ్ 7.2 నుంచి 7.8, క్షారత లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు, కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా చూసుకుంటే పూతకు నిండు ఆయుష్షు దక్కుతుంది. ఈ నెల రోజుల పని ఎవరిదో, ఇంటివాళ్లదా కాంట్రాక్టర్‌దా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ఖాళీగా ఉన్నప్పుడే సరిచేయాల్సినవి

2002లో అమెరికాలో ఏడేళ్ల వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే పాప స్పా అడుగు డ్రెయిన్ లాగుడుకు అతుక్కుపోయి, పైకి రాలేక చనిపోయింది. ఆమె అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. ఆమె తల్లి పోరాటంతో 2007లో ఆ పాప పేరిట చట్టం వచ్చింది. డ్రెయిన్ మూతలు మనిషిని పట్టేయని ఆకారంలో ఉండాలని అది శాసించింది. ఇళ్లలో ఎవరూ తనిఖీకి రారు. కాబట్టి ఆ చట్టం చెప్పిన బుద్ధిని మనమే పాటించాలి. ఒకే డ్రెయిన్ ఉంటే, పూల్ ఖాళీగా ఉన్న ఈ సమయంలోనే కనీసం మూడడుగుల దూరంలో రెండోది పెట్టించండి. పగిలిన మూతలు మార్పించండి. నీటిలోని లైట్లను 12 వోల్టులకు మార్చి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. కరెంటు లీకైతే తక్షణం ఆపేసే బ్రేకర్ ఉందో లేదో చూడండి. చుట్టూ కంచె, తానే మూసుకునే గేటు లేకపోతే అదీ ఈ బడ్జెట్‌లోనే చేర్చండి.

కొటేషన్ చేతికొచ్చినప్పుడు

* చదరపు అడుగు లెక్క నీటి ఉపరితలానిదా, గోడలు కూడా కలిపిన లోపలి వైశాల్యానిదా? మన 8×4 మీటర్ల పూల్‌కు మొదటిది సుమారు 345 చదరపు అడుగులు, రెండోది 690కి పైనే.
* పాత పూత పూర్తిగా తీస్తారా? డొల్ల ఉన్నచోట మాత్రమేనా? చెత్త ఎవరు ఎత్తుతారు?
* ఖాళీ చేసేటప్పుడు తొట్టికి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?
* టైల్స్‌కు ముందు నీటి పరీక్ష ఎన్ని రోజులు?
* మొదటి నెల తోమడం, నీటి పరీక్షలు ఎవరు చేస్తారు? గ్యారంటీ చెల్లాలంటే ఏ రికార్డులు ఉంచాలి?

చాలా కొటేషన్లలో పూత పేరు, రంగు పెద్ద అక్షరాలతో ఉంటాయి. చెక్కుడు, పగుళ్ల మరమ్మతు, నీటి పరీక్ష, మొదటి నెల సంరక్షణ ‘ఇతర పనులు’ అనే ఒక్క వరుసలో ఇరుక్కుంటాయి. ఆ వరుసను విడదీసి రాయమని అడగండి. బడ్జెట్ చాలకపోతే ఖరీదైన పూతను వదులుకోండి, ఆ పనుల్లో ఒక్కదాన్నీ వదులుకోవద్దు. గట్టి నేల మీద శ్రద్ధగా వేసి, తూకమైన నీటితో చూసుకున్న మామూలు తెల్ల ప్లాస్టర్, డొల్ల మీద అతికించిన ఖరీదైన గ్లాస్ టైల్స్ కంటే ఎక్కువ వేసవులు నిలుస్తుంది.